నలభై ఏడేళ్ల రిసీవరుకు నేనిచ్చిన నాలుగు శాతం

మా ప్రాజెక్టు డైరెక్టరు అమెరికా మనిషి. సౌదీలోని అభా కొండ అంచున మేము కడుతున్న హోటలు సకాలంలో పూర్తవుతుందా అని అడిగితే ఆయన దగ్గర ఎప్పుడూ ఒకే జవాబు ఉండేది: చిరునవ్వు. వాళ్ల దేశపు ఫుట్‌బాల్ గురించి అడిగితే మాత్రం గంటసేపు చెప్పేవాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. అలా చెప్పీ చెప్పీ చివరికి ఒకరోజు సర్క్యులర్ తీశాడు. ప్రతి శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక, సిమెంటు గోదాము వెనక చదును చేసిన నేల మీద, విభాగానికో జట్టు చొప్పున ఆ ఆట ఆడాలి.

అసలు ఆటలో మనుషులు ఒకరినొకరు గుద్దుకుని పడేస్తారట. అది ఇన్సూరెన్సు వాళ్లకు నచ్చలేదు. కాబట్టి మాకు దాని శాకాహార రూపం దక్కింది. జట్టుకు ఐదుగురు. ప్రతివాడి నడుముకూ రెండు గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతి ఉన్నవాడి పట్టీని అవతలివాడు లాగేస్తే అక్కడికి ఆట ఆగుతుంది. ఒకడు వెనక నుంచి విసురుతాడు, ముందుకు వెళ్లినవాడు అందుకుంటాడు. అందుకునేవాణ్ని రిసీవరు అంటారు. బంతితో అవతలి గీత దాటితే పాయింట్లు, బంతి నేలను తాకితే ఆ విసురు వృథా. బంతి రెండు కొసలా మొనదేలి ఉంటుంది. మా క్యాంపులో మొదటి రోజే దాన్ని బొప్పాయి అన్నారు, చివరిదాకా అదే పేరు నిలిచింది.

చివరి వాక్యం లేకపోతే ఆ సర్క్యులర్‌ను అందరూ టీ గ్లాసుల కింద పరుచుకునేవాళ్లే. "సీజన్‌లో అందరి అంచనాలనూ మించి ఎదిగిన ఆటగాడు తన తరువాతి పోస్టింగు తానే ఎంచుకోవచ్చు." మంచం పైదా కిందిదా అన్నది కూడా ఎంచుకునే వీలులేని క్యాంపులో ఇది చిన్న మాట కాదు. హోటలు మొదటి దశ ముగింపుకొచ్చింది. రెండో దశకు సగం మందే చాలు. నలభై ఐదు దాటిన తాపీ పనివాళ్లకు ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిటు, రెన్యువల్ ఉండదని, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని అందరికీ తెలుసు. కాగితం మీద లేదు కాబట్టే అందరికీ తెలుసు.

స్కోరు రాసే పని నాకు అప్పగించారు. నేను క్వాలిటీ విభాగంలో ఇన్‌స్పెక్టరును, డాక్యుమెంట్ కంట్రోలు అదనపు బాధ్యత. నా అర్హతలు మూడు. ఒకటి, ఎక్సెల్ వచ్చు. రెండు, కడపలో సివిల్ డిప్లొమా చదివినప్పటి నుంచి దేన్నైనా గడుల్లో పెట్టందే నాకు తోచదు. మూడు, నేను పరిగెత్తడం డైరెక్టరు ఒకసారి చూశాడు.

సివిల్ జట్టులో సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. క్యాంపులో సగం మందికి ఆయన పెద్దన్న, మిగతా సగం మంది కూడా విని విని అలాగే పిలిచేవాళ్లు. నలభై ఏడేళ్లు. ఐదో మనిషి దొరక్క ఆయన్ని రిసీవరుగా రాసుకున్నారు. నేను ఊరుకోకుండా, సీజను మొదలవకముందే ఆయన అవకాశాల మీద ఒక పట్టిక తయారుచేశాను. వయసు: మిగతా రిసీవర్లకు దాదాపు రెట్టింపు. మోకాళ్లు: రెండు, అందులో ఒకటి పనిచేస్తుంది. అనుభవం: సున్నా, చిన్నప్పటి కబడ్డీని లెక్కలోకి తీసుకోలేదు. పాదరక్షలు: సేఫ్టీ బూట్లు. ఆహారం: శుక్రవారం బిర్యానీ, ఆటకు రెండు గంటల ముందు. అంచనాలను మించే అవకాశం: తొమ్మిది శాతం. అసలు అందరి అంచనా ఎంతో నేను కొలవనే లేదు. కొలిచి ఉంటే, ఆయన మైదానంలో నిలబడి ఊపిరి పీల్చినా గెలిచేవాడు.

క్వాలిటీ వాళ్లను సివిల్‌లోనే కలిపారు కాబట్టి అది మా జట్టే. అందులో విసిరేది సివిల్ బండి నడిపే పాతికేళ్ల హైదరాబాదు డ్రైవరు. చెయ్యి మంచిది. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని అతనికి ఎప్పుడూ దిగులు. మొదటి శుక్రవారం పెద్దన్న నాలుగడుగులు పరిగెత్తి, పది అడుగులు నడిచి, ఒకచోట నిలబడ్డాడు. డ్రైవరు విసిరాడు. పెద్దన్న రెండు చేతులతో బొప్పాయిని మెత్తగా, చప్పుడు లేకుండా అందుకుని, అదే ఊపులో నడుము తిప్పి ఎడమవైపుకు విసిరేశాడు. ఎడమవైపు ఎవరూ లేరు. బంతి నేలను తాకింది.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"ఉస్తాద్, నేను మీకిచ్చిన బాల్ మీరెవరికి ఇస్తున్రు?" అన్నాడు డ్రైవరు. "పక్కన జిన్నాతులు, దయ్యాలేమన్న ఉన్నయా?"

"ఏమో బిడ్డా. చెయ్యి దానంతట అదే పోతున్నది."

"ఆపండి మరి. మీ చెయ్యే గదా."

"నాదే. గని నా మాట ఇంటలేదు."

కొండ మట్టి జారకుండా కట్టిన రిటైనింగు గోడ మీద కోతుల గుంపు కూర్చుని చూసేది. అభా కోతులు మన కోతుల్లా ఉండవు. మెడ చుట్టూ బూడిదరంగు జూలుతో, పంచాయితీకి వచ్చిన పెద్దమనుషుల్లా ఉంటాయి. సర్క్యులర్ లేకుండానే ఆట చూడటానికి వచ్చినవి అవే. పెద్దన్న బంతి విసిరేసిన ప్రతిసారీ వాటిలో ఒకటి గోడ దిగి రెండడుగులు వేసేది, తనకే ఇచ్చాడనుకుని కాబోలు.

నా పట్టికలో 'వదిలేసినవి' అని ఒక గడి ఉంది. బంతి నేలను తాకితే అందులో ఒకటి పడుతుంది. నేను నిజాయితీపరుణ్ని కాబట్టి ప్రతిదీ రాశాను. నాలుగో శుక్రవారానికి ఆ గడి నిండింది, 'అందుకున్నవి' గడి ఖాళీగా ఉంది. అవకాశం నాలుగు శాతానికి దిగింది. మిగతా ఆటగాళ్ల అంకెలతో కలిపి దాన్ని అర్ధ సీజను నివేదికగా అచ్చుతీసి, రివిజన్ సున్నా అని నంబరు వేసి, మూడు సంతకాలు పెట్టించి, మెస్ ముందు నోటీసు బోర్డుకు అంటించాను.

మూడు సంతకాల పద్ధతి నేను పెట్టిందే. అంతకుముందు మా సైటులో ఎవరు పడితే వాళ్లు ఏ కాగితం పడితే అది మార్చేవాళ్లు. నేను వచ్చాక, ఆమోదించిన కాగితాన్ని మార్చాలంటే కొత్త రివిజన్ వేయాలి, దానికి మళ్లీ మూడు సంతకాలు కావాలి, అవి వచ్చేదాకా పాతదే చెల్లుతుంది. ఇందుకు నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. దాన్ని ఫైలు చేశాను.

ఆ సాయంత్రం మెస్‌లో పెద్దన్న పప్పు గిన్నె పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"తమ్మీ, బోర్డు మీద నా ముచ్చట ఏదో ఉన్నదట. ఏమని ఉన్నది?"

"నాలుగు శాతమని ఉండాదన్నా."

"నూటికా?"

"నూటికే."

"మొన్న తొమ్మిదంటివి గద."

"తగ్గింది."

"బీపీ అయితె తగ్గితె మంచిదంటరు," అన్నాడు. "గిది గసోంటిది గాదు గావచ్చు."

"అయినా నీకెందుకన్నా ఈ తిప్పలు? గెలిస్తే ఏడికి అడుగుతావు? జెద్దానా?"

"ఏడికి బోను. ఈడనే. రెండో దాంట్ల గోడ ఉన్నది గద."

గోడ సంగతి డ్రాయింగుల వల్ల నాకు తెలుసు. మొదటి దశ హోటలంతా కాంక్రీటు, దాని మీద రాయిలా కనిపించే ఫైబరు పలకలు. రేపు పర్యాటకులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగి, పాతకాలపు పనితనమని మురిసిపోతారు. రెండో దశలో ముఖద్వారం దగ్గర మాత్రం ఒకే ఒక్క నిజమైన గోడ ఉంది. ఇక్కడి పాత ఇళ్ల పద్ధతిలో మట్టి వరస మీద మట్టి వరస, వరసకీ వరసకీ మధ్య బయటికి పొడుచుకొచ్చిన పలచటి రాతి పలకలు. వాన కురిస్తే నీళ్లు మట్టిని తాకకుండా పలకల అంచుల మీదుగా జారిపోతాయి.

"యెమెన్ ముసలాయిన తాన నేర్చిన తమ్మీ, నేను కొత్తగ అచ్చినప్పుడు. నా చెయ్యి మీద ఆయిన చెయ్యి పెట్టి, పలక ఎంత వాల్చాల్నో జూపెడ్తుండె. నేర్చిన గని ఒక్కటి గూడ కట్టలే. ఇరవై రెండేండ్లాయె. యాడ జూసినా ఫైబరే అంటిపిస్తరు." గిన్నె పక్కన పెట్టాడు. "అదొక్కటి కట్టి పోత. ఆ తర్వాత ఎగ్జిట్ కొడ్తె కొట్టనీ."

నేను తల ఊపాను. ఇది పట్టికలో ఏ గడిలోకీ రాదని మనసులో అనుకున్నాను.

మరునాడు శనివారం. పిట్టగోడ నిలువు సరిగా ఉందో లేదో చూడటానికి మూడో అంతస్తు ఎక్కాను. సామాను లిఫ్టు ఎప్పటిలాగే చెడిపోయి ఉంది. సేఫ్టీ పుస్తకం ప్రకారం మా సైటులో ఇటుకలను చేత్తో పైకి విసరడం జరగదు. నేను వెళ్లేసరికి అది పొద్దుటి నుంచీ జరుగుతోంది. కింది అంతస్తు నుంచి ఒకడు "హో" అని ఇటుక విసురుతున్నాడు. పరంజా మీద పెద్దన్న దాన్ని చూసీ చూడనట్టు అందుకుంటున్నాడు. ఇటుక తగిలేటప్పుడు చేతులు దానితోపాటే కాస్త వెనక్కి పోతాయి, అందుకే చప్పుడు రాదు. ఆ ఊపులోనే నడుము తిరుగుతుంది, ఇటుక ఎడమవైపు పోతుంది. ఎడమవైపు ఆయన బావ ఉంటాడు. నిజం బావ కాదు. పక్క ఊరివాడు, అంతే. ఇరవై ఏళ్లు ఒకే పరంజా మీద పక్కపక్కన నిలబడితే వరస దానంతటదే కుదురుతుంది. బావ అటు చూడను కూడా చూడడు. చెయ్యి చాస్తాడు, అందులో ఇటుక ఉంటుంది.

పావుగంట నిలబడి చూశాను. ఒక్క ఇటుకా పడలేదు. అక్కడ ఇటుకను చేతిలో ఉంచుకోవడమే తప్పు, అప్పటికే ఇంకోటి గాల్లో ఉంటుంది.

నా 'వదిలేసినవి' గడిలో ఉన్నవన్నీ నిజానికి అందుకున్నవే. ఒక్కటీ చేతిలోంచి జారింది కాదు. ఆయన ఇచ్చాడు, తీసుకునేవాడు లేడు. నేను కొలత సరిగానే తీశాను, కొలిచిందే వేరొకటి. డిప్లొమా మొదటి సంవత్సరంలోనే దీని మీద ఒక పాఠం ఉంటుంది. ఆ రోజు నేను క్లాసులోనే ఉన్నాను, నోట్సు కూడా రాసుకున్నాను.

ఆ అలవాటు మాన్పించడానికి డ్రైవరు అప్పటికే బతిమాలాడు, కసిరాడు, మధ్యలో రెండు రోజులు మాట్లాడటం మానేశాడు. ఇరవై రెండేళ్ల చెయ్యి ఏడు శుక్రవారాల సీజనులో మారదని తేల్చుకోవడానికి నాకు పట్టిక అక్కర్లేకపోయింది. ఆట నియమాల కాగితం తీసి మూడుసార్లు చదివాను. రెండు పేజీలే. బంతిని ముందుకు ఒక్కసారే విసరాలని ఉంది. పక్కకో వెనక్కో విసరకూడదని ఎక్కడా లేదు. అంటే చేయవలసింది ఒక్కటే, జట్టులో ఒకణ్ని మార్చి మైదానంలో ఎడమవైపు బావను నిలబెట్టడం.

"నాకద్దు," అన్నాడు బావ. "నేను ఇంటికి బోయెటోన్ని. నాకు ఎగ్జిట్ కొడ్తె దావతిస్త."

"నువ్వు పోస్టింగేమీ అడగొద్దులే అన్నా. ఊరికే నిలబడు."

"నిలబడుడేనా?"

"నిలబడు. బాల్ వస్తాది. తీసుకొని పరిగెత్తు."

"యాడికి ఉర్కాలె?"

"ఎవరూ లేని చోటికి."

"ఎవ్వలు లేని జాగ ఈ క్యాంపుల ఉంటె ఎన్నడో ఉర్కుదు," అన్నాడు. అని బూట్లు బిగించుకున్నాడు.

ఐదో శుక్రవారం ఎలక్ట్రికల్ జట్టుకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ఆట అయిపోయింది. వాళ్లు బంతి అందుకున్న మనిషి పట్టీ లాగుతున్నారు. పట్టీ వాళ్ల చేతికి వచ్చేసరికి బంతి ఆ మనిషి దగ్గర ఉండటం లేదు. ఇది ఆట కాదు, మేస్త్రీ పని అని డైరెక్టరు దగ్గర ఫిర్యాదు చేశారు. డైరెక్టరు మాత్రం తబ్బిబ్బైపోయాడు. వాళ్ల దేశంలో పెద్ద పెద్ద కోచ్‌లు ఇలాంటిది నేర్పడానికి ఏళ్లు తీసుకుంటారట. మాకు లిఫ్టు చెడిపోవడం వల్ల వచ్చింది. ఆరో శుక్రవారం కూడా మేమే గెలిచాం.

చివరి శుక్రవారం కొండ మీదికి పొగమంచు ఎక్కింది. గీతలు కనిపించలేదు. కోతులు కనిపించలేదు. నేను మైదానం అంచున పెద్దన్నకు దగ్గరలో నిలబడ్డాను కాబట్టి ఆయన ఒక్కడూ కనిపిస్తున్నాడు. డ్రైవరు గొంతు మాత్రం వినిపించింది.

"ఉస్తాద్, మీరు కనిపిస్తలేరు. ఎట్ల విసరాలె?"

"నేను నీకు కనబడుడెందుకు? హో అను, ఇసురు."

"హో అంటే?"

"హో అంటె హో."

అతను "హో" అన్నాడు. మంచులోంచి బంతి ఎప్పుడు ఊడిపడిందో నేను చూడలేదు. పెద్దన్న చేతులు కాస్త వెనక్కి పోవడం చూశాను. నడుము తిరగడం చూశాను. ఆ తర్వాత ఎడమవైపు మంచులో సేఫ్టీ బూట్లు పరిగెత్తే చప్పుడు వినిపించింది, చాలాసేపు వినిపించింది. అవతలి జట్టు పెద్దన్న చుట్టూ మూగి, రెండు పట్టీలూ లాగి పండగ చేసుకుంటోంది. బావ అవతలి గీత దాటి, ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకపోవడంతో గోదాము గోడ దాకా పోయాడు.

అలా మేము టోర్నమెంటు గెలిచాం. ఆ సాయంత్రమే రివిజన్ నంబరు ఒకటి తయారుచేశాను. 'వదిలేసినవి' గడి కొట్టేసి 'అందించినవి' అని కొత్త గడి పెట్టాను. ఆ లెక్కన అంచనాలను మించినవాడు ఎవరన్నదానిలో సందేహమే లేదు. నా సంతకం పెట్టాను. ప్లానింగు వాళ్లతో పెట్టించాను. మూడో సంతకం క్వాలిటీ మేనేజరుది. ఆయన సెలవు మీద ఈజిప్టులో ఉన్నాడు.

బహుమతి ప్రకటించే రోజు డైరెక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"వీటిలో ఆమోదించింది ఏది?"

"రివిజన్ సున్నా సార్."

"మరి ఇది?"

"ఇది సరైనది సార్. కానీ ఆమోదం కాలేదు."

ఆయన నా భుజం తట్టాడు. "నీ పద్ధతే కదా. మంచి పద్ధతి."

రివిజన్ సున్నా ప్రకారం అందరిలోకీ పై అంకె డ్రైవరుదే, సివిల్ జట్టులో ఇంకెవరికీ మంచి అంకె లేదు. అతన్ని పిలిచారు. వేదిక ఎక్కేముందు అతను నా దగ్గరికొచ్చాడు. "భాయ్, నేను వద్దంటే ఉస్తాద్‌కు ఇస్తరా?"

"ఇయ్యరు. తర్వాతి అంకె ఉన్నోళ్లకి పోతాది. అది వేరే జట్టు."

"అయితే నేనెందుకు వద్దనాలె?" అన్నాడు. అతను జెద్దా అడిగాడు, జెద్దాకు పోయాడు.

వారంలో ఎగ్జిట్ జాబితా వచ్చింది. పెద్దన్నకు, బావకు ఒకే విమానం. గడువు పన్నెండు రోజులు. బావ చెప్పినట్టే దావతిచ్చాడు. పెద్దన్న వచ్చి తిని, మటన్ బాగా ఉడికిందని చెప్పి వెళ్లాడు. నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

మా సైటులో నేను పెట్టిన పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఏ గోడైనా మొదలుపెట్టే ముందు దాని నమూనా ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు కట్టాలి. దాన్ని ఆమోదించాక, అసలు గోడ మొత్తం దానితో సరిపోల్చుకుంటూ కట్టాలి. రెండో దశ గోడ నమూనాకు ఇంకా రెండు నెలల టైము ఉంది. ముందే కట్టకూడదని ఎక్కడైనా ఉందా అని వెతికాను. లేదు. నమూనా మొదలుపెట్టడానికి ఎన్ని సంతకాలు కావాలో చూశాను. ఒకటే, ఇన్‌స్పెక్టరుది.

పెద్దన్న పరంజా విప్పుతుంటే వెళ్లి కాగితం చూపించాను.

"ఒక్క మీటరేనా తమ్మీ?"

"ఒక్క మీటరే అన్నా. అంతకు మించి రాసేదానికి లేదు."

"ఎత్తు?"

"అదీ మీటరే."

కాసేపు కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. "పలకలు మూడు వరసలు వడ్తయి," అన్నాడు. "మూడు వరసలంటె గోడనే."

మట్టిలో గడ్డి కలిపి ఒక రోజంతా నానబెట్టాడు. ఒక వరస పెట్టాక అది ఆరేదాకా రెండో వరస ముట్టుకోనివ్వలేదు. ఈసారి పలకలు అందించింది బావ. మొదటిసారిగా వాళ్లిద్దరి చేతుల గొలుసు ఎడమ నుంచి కుడికి నడిచింది, పెద్దన్న దగ్గర ఆగింది. ఆయన పలకను వెంటనే ఎవరికీ ఇవ్వలేదు. చేతిలో తిప్పి చూసి, మట్టి మీద పెట్టి, వేలితో ఒకసారి నొక్కి, వదిలేశాడు. తొమ్మిదో రోజుకి పూర్తయింది.

పదకొండో రోజు మధ్యాహ్నం వాన పడింది. ముగ్గురం గోదాము చూరు కింద నిలబడి చూశాం. నీళ్లు పలక అంచుకు వచ్చి ఒక క్షణం ఆగి, కింది పలక మీదికి, అక్కడి నుంచి నేలకు దిగుతున్నాయి. మధ్యలో మట్టి పొడిగా ఉంది.

"కారుతలేదు గద," అన్నాడు బావ.

"ఎట్ల కారుతది," అన్నాడు పెద్దన్న.

మరునాడు బస్సెక్కారు. ఆ తరువాతి వారం క్వాలిటీ మేనేజరు సెలవు నుంచి వచ్చి, చదవకుండానే రివిజన్ ఒకటి మీద సంతకం పెట్టాడు. పద్ధతి ప్రకారం నోటీసు బోర్డుకు అంటించాను.

ఇప్పుడు రెండో దశ గోడ సగమైంది. కొత్త మేస్త్రీలు రోజూ నమూనా దగ్గరికి టేపు పట్టుకుని వస్తారు. దాని చుట్టూ నేను తాడు కట్టించి, తాకరాదని బోర్డు పెట్టించాను. కోతులకు చదువు రాదు కాబట్టి అవి దాని మీదే కూర్చుంటాయి. పలకల వాలు ఎంతో డ్రాయింగులో లేదు, చెప్పమని మేస్త్రీలు నన్నడిగారు. లెవెల్ పెట్టి కొలిచాను. ఒక్కో పలకది ఒక్కో అంకె. రెండు పలకలు ఒకలా లేవు. సిరిసిల్లకు వాట్సాప్ కాల్ చేశాను.

"ఏలుతోని జూడు తమ్మీ," అన్నాడు పెద్దన్న. "నీళ్ల సుక్కకు యాడికి బోవాల్నో తెల్వాలె. గంతే."

తనిఖీ ఫారంలో 'వాలు, డిగ్రీలలో' అని ఒక గడి ఉంది. ఆ గడి పెట్టింది నేనే. దాన్ని ఖాళీగా వదిలి, కింద సంతకం చేశాను.